సిస్టరమ్మకు తెలుగు బాగా వచ్చు

పోయిన నెల మా ఊళ్ళో ఒక సభ జరిగింది. ఒకప్పుడు మా దివిసీమ పల్లెలో, కాలవ గట్టు మీద మందుల గది నడిపిన సిస్టరమ్మ పేరు మీద కొత్తగా ఒక హాలు కట్టారు. దానికి రిబ్బను కత్తిరించే సభ. ఆవిడ పోయి ఏడాది దాటింది. పిలుపు అందగానే నేను బందరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. వేదిక మీద ఆవిడ ఫోటో, ఫోటోకి బంతిపూల దండ, వరసగా కుర్చీలు, శాలువాలు. షామియానా వెనక నుంచి బిర్యానీ వాసన. అంతవరకూ బాగానే ఉంది.

హాలుకి ఎక్కువ విరాళం ఇచ్చిన పెద్దమనిషి మైకు పుచ్చుకున్నారు. ఆయన మా ఊరి మిల్లు కామందు గారి అల్లుడు. సిస్టరమ్మ ఉన్న రోజుల్లో ఆయనకి ఈ ఊరితో చుట్టరికమే లేదు. ఆ తరవాత ఎప్పుడో ఇల్లరికం వచ్చి, మామగారి పొలాల్లో చేపల చెరువులు తవ్వించి, ఇప్పుడు ఊరికి పెద్ద అయ్యారు.

"ఆవిడ మనిషి కాదండీ, దేవత" అని మొదలుపెట్టారు. కాసేపు దేవతని పొగిడి, నవ్వు మొహం పెట్టారు. "కాకపోతే పాపం, కేరళావిడ గదా, తెలుగు సరిగ్గా రాదు. మా మామగారు తలుచుకుని తలుచుకుని నవ్వేవారు. ఎవరికి గారు పెట్టాలో ఎవరికి పెట్టకూడదో ఆవిడకి తెలిసేది కాదంట. పాలేరుకీ గారే, పేడ తీసేదానికీ గారే. ఆఖరికి దున్నపోతుకి కూడా గారు పెట్టారంటండీ!"

షామియానా అంతా ఘొల్లుమంది. వేదిక మీద ఫాదర్లు నవ్వారు. సిస్టర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. మా పేట కుర్రాళ్ళు కూడా నవ్వారు, వాళ్ళకేం తెలుసు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దున్నపోతు మాట నిజమే. ఆ దున్నపోతు మాది. ఆ మాట ఆవిడ చేత అనిపించింది మేమే. కాని తెలుగు రాదనడం మాత్రం పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని ఒక్కసారి ఔనని ఉంటే సిస్టరమ్మ మా ఊళ్ళోనే ఉండిపోయేవారు. అనలేదు కాబట్టే వెళ్ళగొట్టారు. వెళ్ళగొట్టిన కారణాన్నే ఇప్పుడు జోకు చేసుకుని, ఆవిడ ఫోటో ముందు నిలబడి నవ్వుకుంటున్నారు. ఇంత కంటే సిగ్గుమాలినతనం ఉంటుందా?

అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు రెండు ముక్కలు. కాలవకి అవతల ఊరు, ఇవతల మా పేట. మధ్యలో వంతెన. వంతెన దిగగానే బియ్యం మిల్లు. మిల్లు ఆడే రోజుల్లో వెచ్చటి తవుడు వాసన మా ఇళ్ళ దాకా వచ్చి, అన్నం తిన్నవాళ్ళకి కూడా ఆకలి పుట్టించేది. మిల్లు కామందు గారు (నేను కూడా గారు పెడుతున్నాను చూడండి, సిస్టరమ్మ పెంపకం) మిల్లు పక్కన ఖాళీగా పడున్న పాత గోదాం మందుల గదికి ఇచ్చారు. ఆయనకి మంచి పేరొచ్చింది, మాకు మందులొచ్చాయి. ఎవరూ నష్టపోలేదు.

సిస్టరమ్మ ఒక మధ్యాహ్నం బస్సు దిగారు. తెల్ల చీర, మెడలో సిలువ, చేతిలో నల్ల గొడుగు, ఒక ట్రంకు పెట్టె, ఒక డబ్బా కొబ్బరి నూనె. ఆవిడ వెనకే ఇంకో ముసలి సిస్టరు. ఆ ముసలావిడ వంటిల్లు, జపమాల తప్ప ఇంకోటి పట్టించుకునేవారు కాదు. మా సిస్టరమ్మకి అప్పటికి ముప్పై దాటి ఉంటాయేమో. పొట్టిగా, చురుగ్గా ఉండేవారు. నడిస్తే చెప్పులు టపటపలాడేవి. ఆ చప్పుడు విని పేటలో పుండు పడ్డ పిల్లలు పరిగెత్తి దాక్కునేవాళ్ళు, టించరు మంట అలాంటిది.

మా ఊరికి రాకముందు గుడివాడ మఠంలో ఉండి ఒక ముసలి పంతులుగారి దగ్గర తెలుగు నేర్చుకున్నారట. శ్రద్ధగా నేర్చుకున్నారు. 'ళ' వచ్చిన చోట మాత్రం ఆవిడ నాలుక ఒకసారి కేరళ వెళ్ళి తిరిగొచ్చేది. పంతులుగారు మొదటి రోజే చెప్పిన పాఠం ఒకటి మాకు కూడా చెప్పేవారు. "మనిషి పేరు చివర గారు పెడితే ఏ తప్పూ లేదమ్మా, పెట్టకపోతేనే తప్పు" అన్నారట ఆయన. పాపం, ఆ పంతులుగారు మా ఊరు చూడలేదు.

మా మామ్మ సంగతి చెప్పాలి. మా నాన్న తల్లి. మిల్లు కామందు గారి పొలంలో నాట్లు వేసేది, కోతలు కోసేది, మిగతా రోజుల్లో వాళ్ళ కొట్టంలో పేడ తీసేది. ఆవిడ పూర్తి పేరు ఎవరైనా పలకగా నేను వినలేదు. ఊళ్ళో వాళ్ళకి సగం పేరు చాలు, దాని ముందు ఒక 'ఒసే'. పేటలో వాళ్ళకి వదిన, అత్త, పెద్దమ్మ. మా తాతకి 'ఏమేవ్'. అసలు పేరు ఒకటుందని మాకే తెలియదు. ఆ పేరు చెప్పాల్సిన చోట చెబుతాను.

నాట్లు వేసే రోజులు వచ్చాయంటే మా ఆడవాళ్ళ కాళ్ళు చూడకూడదు. తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా బురద నీళ్ళలో నాని, వేళ్ళ సందులు తెల్లబడి ఒరిసిపోయేవి. రాత్రి పసుపు, ఆముదం రాసుకుని మంటకి నిద్ర పట్టక దొర్లేవాళ్ళు. మామ్మ నన్ను తోడు తీసుకుని మందుల గదికి వెళ్ళింది. సిస్టరమ్మ పేరడిగారు. మామ్మ అలవాటుగా సగం పేరు చెప్పింది.

"పూర్తి పేరండీ" అన్నారు సిస్టరమ్మ.

"అంతేనండీ అమ్మగారూ."

"అంతే ఎలా ఉంటుందండీ? మీ అమ్మగారు పెట్టిన పేరు చెప్పండి."

మామ్మ నా వైపు చూసి, కొంగు సర్దుకుని, సిగ్గుపడుతూ చెప్పింది. అప్పుడే నేనూ మొదటిసారి విన్నాను.

తరవాత రోజు వెళ్ళి గోడవారగా కూర్చున్నాం. లోపలి నుంచి సిస్టరమ్మ ఆ పేరు మొత్తం పలికి, చివర గారూ అని పిలిచారు. మామ్మ గభాలున లేచి వెనక్కి తిరిగి వాకిలి వైపు చూసింది. ఎవరూ లేరు. "ఎవురో గొప్పోళ్ళు వచ్చినట్టున్నారే, పక్కకి జరుగు, దారియ్యి" అంది నాతో. నేనూ జరిగాను. సిస్టరమ్మ బయటికొచ్చి మామ్మ చెయ్యి పట్టుకుని, "మిమ్మల్నేనండీ" అంటే గాని ఆవిడకి అర్థం కాలేదు.

గదిలో ఒకే ఒక్క ఇనప కుర్చీ. అందులో మామ్మని కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళ బేసిన్లో ఊదారంగు మందు కలిపి, కాళ్ళు అందులో పెట్టమన్నారు. మామ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "తప్పమ్మగారూ, మీరు నా కాళ్ళు పట్టుకోవటం ఏంటి, నాకు పాపం తగులుద్ది" అంది. "మందు చేతులకి రాస్తే కాళ్ళు తగ్గుతాయంటే చేతులే ఇవ్వండి" అన్నారు సిస్టరమ్మ. మామ్మకి నవ్వొచ్చింది. కాళ్ళు ఇచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మామ్మ ఈ సంగతి చెబితే తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "పండక్కి కూడా మనకి గారెలు దిక్కులేవు గానీ, ఆ సిస్టరమ్మ నోట్లో గారెల బుట్ట ఉన్నట్టుందే. రోజూ తలా ఒకటి పంచుతుంది!" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో గారు అంటే గారె. మందుల గదికి ఎవరు వెళ్ళొచ్చినా తాత అడిగేవాడు, "ఎన్ని గారెలు పెట్టిందిరా ఇయ్యాల?" అని.

దున్నపోతు కథ కూడా ఆ రోజుల్లోదే. తాత బండికి కట్టే దున్నపోతు ఒకటుండేది. దాని పని బండి లాగడం, దాని సరదా దారికి అడ్డంగా నిలబడటం. ఒక సాయంత్రం సిస్టరమ్మ గొడుగు పట్టుకుని పేటలోకి వస్తుంటే అది సందు మధ్యలో నిలబడింది. మేం పిల్లలం నలుగురం గట్టు మీద కూర్చుని తేగలు కాల్చుకు తింటున్నాం.

"దీన్ని ఏమని పిలుస్తారండీ?" అని మమ్మల్నే అడిగారు. పిల్లల్ని కూడా అండీ అనేవారు మరి.

"దున్నపోతు గారు అంటారు సిస్టర్" అన్నాను నేను. ఆ వయసులో అంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా?

సిస్టరమ్మ గొడుగు ముడిచి, ఎంతో మర్యాదగా, "దున్నపోతు గారూ, కొంచెం జరగండి" అన్నారు. అది కదల్లేదు. "దయచేసి జరగండి" అన్నారు. మేము గట్టు మీద నుంచి కింద పడి దొర్లాం. రెండు రోజులు ఆ మాట అలాగే సాగింది. మూడో రోజు తాత చెవిన పడింది. తాత ముందు మమ్మల్ని తాటాకు పట్టుకుని తరిమి, తరవాత సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పి క్షమించమన్నాడు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

తరవాత మమ్మల్ని పిలిచి వరసగా కూర్చోబెట్టారు. తిడతారనుకున్నాం. "అయితే గారు ఎవరికి పెట్టాలి?" అని అడిగారు.

"మనుషులకండీ" అన్నాం.

"ఏ మనుషులకి?"

"పెద్దోళ్ళకి. ఊళ్ళో వాళ్ళకి."

"మీ మామ్మ పెద్దావిడే కదా. మరి ఆవిడకి?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మామ్మకి గారేంటి? నవ్వొచ్చింది గాని, ఎందుకు నవ్వొచ్చిందో చెప్పలేకపోయాం. సిస్టరమ్మ మమ్మల్ని ఎక్కువసేపు ఇబ్బంది పెట్టలేదు. తలా ఒక బందరు హల్వా ముక్క చేతిలో పెట్టి, "మనుషులకే కదా, గుర్తుంచుకుంటాను" అన్నారు. నన్ను మాత్రం ఆ తరవాత ఎప్పుడు చూసినా "దున్నపోతు గారి స్నేహితురాలు గారూ" అని పిలిచేవారు.

అంటే ఆవిడకి తెలుసు. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో అప్పుడే తెలుసు. ఈ మాట షామియానాలో నవ్విన ప్రతివాళ్ళకీ ఇంటింటికీ వెళ్ళి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఆవిడ మా ఇళ్ళల్లో తినేవారు. ఊరికే ముట్టుకోవడం కాదు, పీట వేసుకుని కూర్చుని, రెండోసారి అడిగి తినేవారు. మామ్మ చేసే చింతచిగురు ఎండురొయ్యలంటే ప్రాణం. ఒకసారి మా వంటింట్లో తనే చేపల కూర చేస్తానని కూర్చుని అందులో కొబ్బరి పాలు పోశారు. మామ్మ గుండెలు బాదుకుంది. "బొమ్మిడాయిల్లో కొబ్బరా తల్లీ! పాయసం చేస్తున్నావా, పులుసు చేస్తున్నావా?" అంది. అప్పటికి చనువు వచ్చి నువ్వు అనేసింది. అని నాలుక కరుచుకుంది. సిస్టరమ్మ ఆ కూర మొత్తం తనే తినాల్సొచ్చింది.

మెల్లిగా గారు మా పేటలో పాకింది. మొదట ఎగతాళికే. నాట్ల వరసలో ఒకావిడ "వదిన గారూ, ఆ నారు కట్ట ఇట్టా పారేయండి" అంటే, ఇంకో ఆవిడ "తీసుకోండి మరదలు గారూ" అనేది. వరసంతా విరగబడి నవ్వేది. పోను పోను నవ్వు తగ్గింది, గారు ఉండిపోయింది. మా పక్కింటి బాబాయి తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టే మనిషి. ఆవిడ మందుల గదిలో గారు అనిపించుకుని వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి, "చెయ్యెత్తావంటే సిస్టరమ్మ గారికి చెబుతా" అని మొగుణ్ణి నిలదీసింది. నాట్ల వరసలో నవ్వులు గట్టు మీద నిలబడ్డ ఆసాములకి వినపడేవి. వాళ్ళు నవ్వలేదు.

అసలు గొడవ కుర్చీ దగ్గర వచ్చింది. ఒకరోజు మామ్మ కుర్చీలో కూర్చుని కాళ్ళు బేసిన్లో పెట్టి ఉంది. మిల్లు కామందు గారి ఇల్లాలు కారు దిగారు. ఆవిడకి తలనొప్పి. ఆవిడ గడప తొక్కగానే బల్ల మీదున్న మా ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. మామ్మ కూడా తడికాళ్ళతో లేవబోతే సిస్టరమ్మ భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు. మామ్మ పేరు మొత్తం పలికి, "గారి కట్టు అయిపోతే తరవాత మీదేనండీ. ఆ బల్ల మీద కొంచెం కూర్చోండమ్మగారూ" అన్నారు కామందు గారి ఇల్లాలితో.

ఆవిడ కూర్చోలేదు. "ఎవరి గారి కట్టు?" అన్నారు. "మా కొట్టంలో పేడ తీసేదానికి గారు పెడితే, నాకేం పెడతారండీ ఇక?"

సిస్టరమ్మ నిజంగానే ఆలోచించారు. వెటకారం ఆవిడకి చేతకాదు. "మీకూ అదేనండీ. అంతకంటే పెద్దది మా పంతులుగారు నేర్పలేదు" అన్నారు.

కారు తలుపు వేసిన చప్పుడు వంతెన అవతలికి వినపడింది.

రెండు రోజుల తరవాత మిల్లు ఆవరణలో, కాటా దగ్గర, కుర్చీలు వేశారు. కామందు గారు, ఊరి పెద్దలు నలుగురు, స్కూటరు మీద వచ్చిన, మా చర్చి చూసే విచారణ ఫాదర్ గారు, సిస్టరమ్మ. మా పేట వాళ్ళం గేటు బయట. నేను మామ్మ చెయ్యి పట్టుకుని ఊచల్లోంచి చూస్తున్నాను. మామ్మ కాలికి తెల్లటి కట్టు. "నా మూలానే గదా ఈ రగడంతా, నా కాళ్ళు పడిపోనూ" అని గొణుక్కుంటోంది. సిస్టరమ్మ ఉంటారా, పోతారా అన్నది ఒక్కటే మా అందరి భయం.

కామందు గారు అరవలేదు. నాకు ఇప్పటికీ మండేది అందుకే. అరిచి ఉంటే ఎంత బాగుండేది. తేనె పూసినట్టు మాట్లాడారు.

"సిస్టర్ గారూ, మీ సేవకి మేమందరం దణ్ణం పెడతాం. మీ తప్పేం లేదు. పై రాష్ట్రం నుంచి వచ్చారు, మన భాష తెలీదు. ఏదో తెలీక అన్నానని ఒక్క మాట అనండి, ఇక్కడితో అయిపోద్ది. గోదాం మీదే, మీ ఇష్టమొచ్చినంత కాలం ఉంచుకోండి. రేపట్నుంచి వాళ్ళని పేరు పెట్టి పిలవండి, చాలు. గారు మాత్రం పెద్దోళ్ళకి ఉంచండి. దున్నపోతుకి కూడా గారు పెట్టారంట గదా, అట్టాంటిదే ఇదీని!"

పెద్దలు నవ్వారు. ఫాదర్ గారు కూడా తేలికపడ్డట్టు నవ్వి, ఔననమ్మా అన్నట్టు సిస్టరమ్మ వైపు చూశారు. ఒక్క మాట. తెలీక అన్నాను. అంతే. మందుల గది నిలబడేది. మా మామ్మే గేటు ఊచలు పట్టుకుని, "అనెయ్యి తల్లీ, అనెయ్యి" అంటోంది గొంతు లోపల.

సిస్టరమ్మ లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు, మా బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలాగా.

"దున్నపోతుకి పెట్టరని నాకు మొదట తెలీదండీ. పిల్లలు ఆటపట్టించారు. తరవాత వాళ్ళే చెప్పారు, గారు మనుషులకి పెడతారని. అప్పట్నుంచి దున్నపోతుకి మానేశాను." ఆగి, గేటు వైపు చూశారు. "మనుషులకి మానలేనండీ. తెలీక అనటం లేదు, తెలిసే అంటున్నాను. నాకు తెలుగు వచ్చు."

కామందు గారి మొహంలో తేనె ఆరిపోయింది. మిల్లు మేస్త్రిని పిలిచి, "గోదాం ఖాళీ చేయించు. తవుడు బస్తాలు పెట్టాలి" అన్నారు.

మర్నాడు మా పేటంతా కలిసి సామాను మోసింది. మందుల బీరువాని తాత బండి మీద వేసుకున్నాడు. దాన్ని లాగింది ఆ దున్నపోతే. బేసిను మామ్మ నెత్తిన పెట్టుకుంది. మా చర్చి వసారాలో తడికలు కట్టి మందుల గది పెట్టారు. వాన జల్లు లోపలికి కొట్టేది, దూది తడిసేది, అయినా నడిచింది. అక్కడ కూడా అదే కుర్చీ, అదే గారు.

ఆ తరవాతి సంగతి కామందు గారి మీద వేయలేను. చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పి తీరాలి. సిస్టరమ్మని బదిలీ చేసింది ఆవిడ పెద్దలే. ఊరి పెద్దలతో తగువు పడితే సేవ ఎలా సాగుతుందన్నారట పెద్ద మదర్ గారు. ఎవరికి సేవ? ఎవరికోసం వచ్చారు వీళ్ళు మా ఊరికి? శిష్యుల కాళ్ళు కడిగిన దేవుడి పేరు చెప్పుకుంటూ, ఆ కాళ్ళున్నవాళ్ళకి గారు ఎక్కువైందని అనుకున్నారా? మేం లారీ మాట్లాడుకుని మఠానికి వెళ్ళి అడుగుతామంటే సిస్టరమ్మే ఒప్పుకోలేదు. "మాట వింటానని ప్రమాణం చేశానండీ" అన్నారు. మామ్మకి కోపం వచ్చింది. "కామందుకి ఎదురు చెప్పిన నోరు, మదరమ్మకి చెప్పలేదా?" అని అడిగేసింది. ఆ రోజు ఒక్కసారే ఆవిడ ఏడవగా చూశాను.

బస్సు దగ్గర అందర్నీ పూర్తి పేర్లతో, గారు పెట్టి, ఒక్కొక్కర్నీ పలకరించారు. పాలు తాగే పిల్లల్ని కూడా వదల్లేదు. తాత బండి పక్కన దున్నపోతు ఉంది. దాని నుదురు నిమిరి, "వెళ్ళొస్తాను" అన్నారు. గారు పెట్టలేదు.

ఆవిడ వెళ్ళాక మా పేటలో పాము కరిచినా, పురుడు అడ్డం తిరిగినా అవనిగడ్డ దాకా రిక్షానే గతి. దారిలోనే పోయినవాళ్ళున్నారు. వాళ్ళెవరో నాకు తెలుసు, వాళ్ళ పిల్లలతో కలిసి చదువుకున్నాను. గోదాములో మాత్రం తవుడు బస్తాలు భద్రంగా ఉన్నాయి.

మళ్ళీ నాట్లొచ్చాయి. బడికి సెలవైతే నేను మామ్మ వెంట పొలానికి వెళ్ళాను. కామందు గారు గట్టు మీదకొచ్చి, ఏదో పని చెప్పడానికి మామ్మని సగం పేరుతో, ఎప్పటిలాగే ఒసే పెట్టి కేకేశారు. మామ్మ వంగిన నడుము ఎత్తలేదు. ఇంకోసారి పిలిచారు. నారు గుచ్చుతూనే ఉంది. ఆయన చెప్పులు బురదలో కూరుకుపోతుంటే దగ్గరికొచ్చి, "ఏమే, చెవుడా?" అన్నారు.

"ఎవుర్ని పిలుస్తున్నారో తెలవటం లేదండీ. ఈడ శానామందిమి ఉన్నాం" అంది మామ్మ, తలెత్తకుండానే.

వరసలో చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు, వాటంతటవే ఆగాయి. పీకిన నారు గట్టు మీద ఎండుతోంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో నాట్లే, వేరే మనుషులు దొరకరు. కామందు గారు నారు వైపు చూశారు, మబ్బు వైపు చూశారు. చివరికి పళ్ళ మధ్య నుంచి మామ్మ పేరు పలికారు. మొత్తం పేరు.

"ఆ, చెప్పండి" అంది మామ్మ. వరస మళ్ళీ కదిలింది.

పేరు వచ్చింది గాని గారు రాలేదు. రాత్రి ఈ సంగతి విని తాత చుట్ట ఆర్పి, "పోనీలేవే. గారె వండకపోయినా పిండి రుబ్బటం మొదలెట్టాడుగా" అన్నాడు. ఆ గారె కోసం ఎదురు చూస్తూనే తాత పోయాడు, మామ్మ పోయింది. ఆ ఇంటి నుంచి అది రాలేదు.

సిస్టరమ్మ బంటుమిల్లి వైపు కొన్నాళ్ళు, హంసలదీవి దగ్గర జాలరిపేటలో చాలా కాలం పనిచేసి, మోకాళ్ళు అరిగిపోయాక గుడివాడ మఠానికే చేరారు. నేను బందరులో టీచరు ట్రైనింగులో ఉండగా ఒకసారి బస్టాండులో కనిపించారు. జుట్టు తెల్లబడింది, చెప్పుల టపటప తగ్గింది. నన్ను గుర్తుపట్టి, ట్రైనింగు సంగతి విని, "టీచరు గారూ!" అన్నారు. దున్నపోతు గురించి కూడా అడిగారు. తెలుగు రాదట ఆవిడకి!

సభలో నా కోపం ఇంకా చల్లారకముందే, సభ నడిపే ఆయన నన్ను చూశారు. అంతసేపూ ప్రతివాళ్ళనీ "వేదిక మీదకి దయచేయవలసిందిగా" అని పిలుస్తున్న మనిషి. "మన పేట అమ్మాయి, టీచరు కూడా వచ్చింది. రామ్మా, నువ్వు కూడా వచ్చి రెండు ముక్కలు చెప్పు" అన్నారు. నా దగ్గర చదువుకున్న పిల్లలకి పెళ్ళిళ్ళయిపోయాయి. నేనింకా రామ్మా, నువ్వు.

వెళ్ళాను. మైకు అందుకున్నాను. చెప్పాల్సింది చాలా ఉంది. సిస్టరమ్మ ఫోటో వైపు చూసి, ముందు నేనెవరో చెప్పాలనుకున్నాను.

"నమస్కారమండీ. నేను నాంచారమ్మ గారి మనవరాల్ని" అన్నాను.

ముందు వరసల వాళ్ళు, ఎవరో గొప్పావిడ వచ్చి ఉంటుందనుకుని, వెనక్కి తిరిగి చూశారు. వేదిక మీద మిల్లు కామందు గారి అల్లుడు గారు కూడా అటూ ఇటూ చూసి, నా పక్క నుంచే ఫాదర్ గారి వైపు వంగి, "నాంచారమ్మ గారంటే ఎవరండీ?" అని అడిగారు. ఆ మాట నా చేతిలోని మైకులో పడి షామియానా చివరిదాకా వినపడింది.

ఆ ఇంటి నుంచి మా మామ్మకి గారు రావడం అదే మొదటిసారి. పాపం, తెలీక అన్నారు.